మూతల్లేని పెట్టెలు

టేపు బాబాయి చెయ్యి పడిందంటే ఆ పెట్టెకు ఇక మోక్షం లేదు. మూయడం వరకే ఆయన పని, తెరవడం దేవుడికి వదిలేస్తాడు. జేబులో రుమాలు లేకుండానైనా బయటికొస్తాడు కానీ టేపు చుట్ట లేకుండా గుమ్మం దాటడు, అందుకే వీధివాళ్లు ఆయనకు ఆ పేరు పెట్టారు. బల్బుల కంపెనీలో, ప్యాకింగు సెక్షన్లో, చేరిన రోజు నుంచి రిటైరయ్యే దాకా ఉద్యోగం వెలగబెట్టాడు. ఆయన కట్టిన పెట్టెలో ఒక్క బల్బు కూడా దారిలో పగిలిన పాపాన పోలేదు. చేరినచోట వాటిని బయటికెలా తీసుకున్నారో మాత్రం ఎవరూ చెప్పలేదు, ఈయనా అడగలేదు.

రిటైరయ్యాక కుర్చీలో కూర్చుని వంటకు వంకలు పెడతాడేమోనని ఆయన భార్య, అదే మా పిన్ని, తెగ భయపడింది. అదే జరిగి ఉంటే ఎంతో బాగుండేది. బాబాయి చూపు వంట మీద కాక చెత్తబుట్ట మీద పడింది.

"ఇంత గట్టి అట్ట పారేస్తారా ఎవరైనా?" అని ఓట్సు డబ్బా తీసి తుడిచాడు. మర్నాడు టీపొడి పెట్టె. ఆ తర్వాత బిస్కెట్ల రేకు డబ్బా, చెప్పుల పెట్టె, పేస్టు అట్ట, గుడ్ల ట్రే. పాత కర్టెను గుడ్డ అతికించి, అంచులకు లేసు పెట్టి, క్యాలెండర్లలోంచి పూలు కత్తిరించి అద్దేవాడు. సీసా మూతకు బంగారు రంగు వేసి పిడిలా తగిలించేవాడు. అందం సంగతి ఒప్పుకుని తీరాలి. ముందుగదిలో ఓ గోడ మొత్తం ఆ పెట్టెలే, పెళ్లివారిలా ముస్తాబై నిలబడేవి. ఇంటికొచ్చినవాళ్లు ముక్కున వేలేసుకునేవారు.

"వీటిల్లో ఏం దాచారు పిన్నిగారూ?" అని ఎవరైనా అడిగితే, "నా ఆయుష్షు," అనేది పిన్ని.

ఆవిడ బాధ ఆవిడది. సామాను సర్దుకోవడానికే పెట్టెలు చేస్తున్నానని బాబాయి అనేవాడు, నిజంగానే సర్దేవాడు కూడా. దారాలు ఒకదాంట్లో, కరెంటు బిల్లులు ఒకదాంట్లో, బొత్తాలు ఒకదాంట్లో. సర్దేసి, అలవాటు కొద్దీ, నాలుగు వైపులా టేపు వేసి, దానిమీద గుడ్డ అతికించేవాడు. బంగారు పిడి పట్టుకుని లాగితే పిడి ఒక్కటే చేతికొచ్చేది. ఉద్యోగమంతా మూసినవాడే కానీ ఒక్క పెట్టె తెరిచి ఎరగడు పాపం. పెట్టెకు మూత ఉండాలన్న ఆలోచన ఆయన బుర్రకు తట్టలేదు.

"ఏవండీ, కత్తెరేదీ?"

"నీలిపూల పెట్టెలో ఉంది చూడు."

"దాన్ని తెరవాలంటే కత్తెర కావాలి కదండీ!"

బాబాయి కాసేపు ఆలోచించి, "అవును సుమా," అనేవాడు. అంతటితో ఆ చర్చ ముగిసేది.

పిన్ని ఇదంతా ఓర్చుకుంది. కొత్త చెప్పుల దగ్గర మాత్రం ఓర్పు నశించింది. బంధువుల పెళ్లికని ముచ్చటపడి కొనుక్కుని, పెట్టెతో సహా మంచం కింద పెట్టుకుంది. పెళ్లిరోజు పొద్దున వంగి చూస్తే, ఆ పెట్టె గులాబీల గుడ్డ కట్టుకుని, లేసు అంచుతో కళకళలాడుతోంది. చెప్పులు లోపలే ఉన్నాయి.

"బరువుంటే పెట్టె నిలకడగా ఉంటుందని తియ్యలేదు," అన్నాడు బాబాయి. "ఇప్పుడు కోస్తే లేసు పాడవుతుందే. ఈ పూటకి పాతవి వేసుకో."

పిన్ని పాత చెప్పులతో పెళ్లికెళ్లింది. అక్కడ అందరి కళ్లూ తన కాళ్ల మీదే ఉన్నట్టనిపించి భోజనం సయించలేదు. ఇంటికి రాగానే ఒంటికాలి మీద లేచింది.

"నేను అక్కయ్య దగ్గరికి పోతున్నా. మీరూ మీ పెట్టెలూ హాయిగా కాపురం చేసుకోండి!"

నిజానికి వెళ్లాలని ఆవిడకు లేదు. వెళ్లొద్దే అని ఆయన ఒక్క మాట అంటే చాలు, రెండు కన్నీటి చుక్కలు రాల్చి టీ పెట్టుకుందామనే అనుకుంది. బాబాయి ఆ మాట అనలేదు. "సూట్‌కేసులో అయితే దారిలో నలుగుతాయి," అని టీవీ వచ్చిన పెద్ద అట్టపెట్టె తెచ్చాడు. పెదాల మధ్య టేపు ముక్కలు పట్టుకుని, ఉలుకూ పలుకూ లేకుండా, గదిలో వంచిన తల ఎత్తకుండా ఆవిడ సామానంతా సర్దాడు. బయట మంచం మీద కూర్చున్న పిన్నికి టేపు చప్పుడు ఒకటే వినిపిస్తోంది. ఇన్నేళ్ల కాపురానికి తనను పార్సిల్ చేసి పంపేస్తున్నాడు! బస్టాండులోనూ అంతే. "ఈ వైపు పైకి ఉండాలి, జాగ్రత్త," అని కండక్టరుకు పెట్టెను అప్పగించాడు. భార్య గురించి ఏమీ చెప్పలేదు.

అక్కయ్య ఇంట్లో ఆ పెట్టె తెరుచుకోలేదు. బావగారు కూరల కత్తితో ప్రయత్నిస్తే కత్తి వంగింది. బ్లేడు పెడితే బ్లేడు విరిగింది. అక్కయ్యదేమో భారీ విగ్రహం, ఆవిడ జాకెట్టులో పిన్ని గుడారంలో దూరినట్టు తిరిగింది. మర్నాడు సాయంత్రానికి మాత్రల అవసరం పడి, పట్టుదల పక్కనపెట్టి ఫోను చేసింది.

"ఏవండీ, దీన్నెలా తెరవాలి?"

"నాకేం తెలుసే? ఉండు, వస్తున్నా," అన్నాడు బాబాయి.

తెల్లారేసరికి దిగాడు. ఆవిణ్ణి బస్సెక్కించిన రోజు వేసుకున్న చొక్కాతోనే ఉన్నాడు, అది కాస్తా నలిగి మాసిపోయింది. పెట్టె చుట్టూ తిరిగి, తట్టి, వంగి చూసి, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక నిలబడ్డాడు. చివరికి బావగారు పక్కింటి నుంచి రంపం తెచ్చారు. ఆయన ఒక్కో కోత కోస్తుంటే బాబాయి తన వేలు తెగినట్టు విలవిల్లాడాడు.

లోపల ఒక్క వస్తువూ చెక్కుచెదరలేదు. అద్దం తువ్వాలులో ఉంది, మాత్రల సీసా మేజోడులో ఉంది. చీరల మధ్య, మూలల్లో, అడుగున, ఎక్కడ చూసినా బాబాయి చొక్కాలు. బనియన్లు, లుంగీలు కూడా.

"మరిదిగారూ, మీరు ఏ మూల ఉన్నారో కూడా చూపించండి!" అని అక్కయ్య పగలబడి నవ్వింది.

"ఇవెందుకు పెట్టారు?" అంది పిన్ని.

"మధ్యమధ్య ఖాళీ వచ్చింది. ఖాళీ ఉంటే లోపలివి కదులుతాయి. పేపర్లు కూరితే నీ చీరలకు సిరా అంటుతుంది."

"మరి మీరేం కట్టుకుంటారనుకున్నారు?"

బాబాయి తన ఒంటిమీది చొక్కా వైపు ఒకసారి చూసుకున్నాడు. "అదా... అది ఆలోచించలేదు."

పిన్నికి కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు, ఏడుపు మాత్రం వచ్చేసింది. అక్కా బావా ఉన్నారన్న మొహమాటం కూడా లేకుండా అడిగేసింది. "ఇంత చేసినవాళ్లకి, వెళ్లొద్దని ఒక్కమాట అనాలనిపించలేదా?"

"అనిపించింది."

"మరి అనరేం?"

"నోట్లో టేపు ఉందే."

బావగారు రంపం కింద పెట్టి అటు తిరిగిపోయారు. పిన్ని కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడు లేదు కదా. అనండి."

బాబాయి అక్కడున్న అందరినీ చూసి చెవులదాకా ఎర్రబడ్డాడు. "వెళ్లొద్దే," అన్నాడు. ఆవిడ వెళ్లిపోయి, వేరే ఇంట్లో, వేరేవాళ్ల జాకెట్టు వేసుకుని కూర్చున్నాక అన్నాడు. అయినా పిన్నికి ఆ మాట సరిగ్గా సమయానికే అందినట్టనిపించింది.