దెల్మాస్ దూకని దూకుళ్ళు

ఫ్రాన్సు దక్షిణ తీరంలోని మా లా సియోటాలో పుట్టినవాడెవడికైనా రెండు విద్యలు వస్తాయి: ఇనపగుండు విసరడం, కోతలు కోయడం. ఏడో తరగతిలోనే బడి నన్ను వదిలించుకుంది గనక, రెండో విద్యలో ఊరికి నేనే మొదటివాణ్ణి. ఒనొరా సికార్ సంగతికి మాత్రం నా కోతలు అక్కర్లేదు. నిజం చెబితేనే ఒళ్ళు మండిపోతుంది.

ఒనొరా మా ఓడల కార్ఖానాలో వెల్డింగ్ పనివాడు. అతనికి ఇరవై నాలుగేళ్ళప్పుడు పారిస్ నుంచి సినిమావాళ్ళు దిగారు. హీరో లుసియెన్ దెల్మాస్ క్రేను కొసనుంచి సముద్రంలోకి దూకాలి. హీరోగారు నిచ్చెన మూడో మెట్టు మీదే కళ్ళు మూసుకున్నాడు. దాంతో ఆయన కోటు ఒనొరాకి తొడిగి పైకి ఎక్కించారు. అతను దూకితే లేచిన నీళ్ళకి చర్చి గంట మోగిందంటాను నేను. మోగలేదంటాడు ఫాదరు. ఆయన అప్పటికి పుట్టనేలేదు. నేనూ పుట్టలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు దెల్మాస్ పడాల్సిన చోటల్లా ఒనొరాయే పడ్డాడు. రైలు కప్పు మీంచి, గుర్రం మీంచి, మార్సేయిలో ఓ హోటలు కిటికీలోంచి. రెండు భుజాలు పోయాయి, నాలుగు పక్కటెముకలు పోయాయి, చివరికి తుంటి పోయింది. తెరమీద పేరు ఒక్కసారీ పడలేదు. టీవీలో దెల్మాస్ మాత్రం, "నా దూకుళ్ళన్నీ నావే. ఇంకొకడి ప్రాణంతో ఆడుకోవడం నాకు చేతకాదు," అనేవాడు.

మొన్న సెప్టెంబరులో మా మేయరుకి బుద్ధి పుట్టింది. రేవుగోడకు రాతిఫలకం పెడతాడట: 'లుసియెన్ దెల్మాస్ ఇక్కడ సముద్రంలోకి దూకెను.' ఫలకం పెట్టే ముందురోజు దెల్మాస్ మేయరునీ టీవీవాళ్ళనీ వెంటేసుకుని మా ఇనపగుళ్ళాట స్థలానికొచ్చాడు. ఒనొరా కుంటుకుంటూ ఎదురెళ్ళాడు.

"లుసియెన్, ఒకాట ఆడదాం. నేను గెలిస్తే ఆ కెమెరా ముందు ఒక్కమాట చెప్పు, క్రేను మీంచి దూకింది ఈ ఒనొరాయేనని. రాతిమీద నా పేరు కూడా చెక్కుతారు."

"ఓడిపోతే?"

"చచ్చేదాకా నోరెత్తను."

"ఇంకా ఆ కోపమేనా మావా? సరే, మాటిస్తున్నా," అంటూ దెల్మాస్ కోటు విప్పాడు. నలభైమందిమి విన్నాం.

ఒనొరాకి పదమూడు, దెల్మాస్‌కి సున్నా. దెల్మాస్ గుండు ఒక్కటీ గురి దగ్గరికి పోలేదు.

మా ఊళ్ళో సున్నాతో ఓడినవాడు మోకాళ్ళమీద కూర్చుని ఫానీని ముద్దుపెట్టుకోవాలి. బారు గోడకి తగిలించిన పెట్టెలో ఉండే మట్టిబొమ్మ ఫానీ. అది మనవైపు మొహం పెట్టదు, పిర్రలు పెడుతుంది. బారు నడిపే జోర్జెట్ పెట్టె తెర లాగింది.

"రావయ్యా హీరో, దీనికి డూపు దొరకడు!"

గొల్లుమన్నాం. దెల్మాస్ కూడా నవ్వి, వంగి, చప్పుడొచ్చేలా ముద్దు పెట్టాడు. కెమెరావాడు అడిగితే రెండోసారీ పెట్టాడు.

"ఇక మిగిలింది చెప్పు," అన్నాడు ఒనొరా.

నవ్వులు ఆగిపోయాయి. కెమెరా ఆగలేదు. దెల్మాస్ అతని భుజంమీద చెయ్యేసి కెమెరాకేసి తిరిగాడు. "ఈ పెద్దాయన నా వీరాభిమాని! గుళ్ళాటలో మహా ఘటికుడు!"

"లుసియెన్."

"ఊరుకో మావా," అని గొణిగాడు దెల్మాస్. "అందరిముందూ పిర్రలు ముద్దుపెట్టుకున్నాగా, ఇంకేం కావాలి నీకు?"

పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను. మట్టి పిర్రలకు వంగిన నోటికి మనిషి పేరు పలకడం నామోషీ అయింది!

ఆట ఓడినవాడే అందరికీ సోంపు సారా పోయించాలి. దెల్మాస్ దర్జాగా నలభై గ్లాసులు నింపించాడు. ఒనొరా తన గ్లాసు తీసుకుని బల్లమీద బోర్లించాడు. జోర్జెట్ తనదీ బోర్లించింది. ఆపైన అందరం. నిండు గ్లాసు బోర్లించడం నా జన్మలో అదొక్కసారే. మేయరొక్కడే తాగాడు, దగ్గుకుంటూ.

"ఏంటర్రా ఈ పొగరు?" అన్నాడు దెల్మాస్.

"పొగరేం లేదు బాబూ, దాహం లేదు," అంది జోర్జెట్, బల్ల తుడుస్తూ.

మర్నాడు ఫలకం పెట్టారు. దానిమీద ఒక్క పేరే ఉంది. రొట్టెల కొట్టుకి ఆ రేవుగోడ పక్కదారే దగ్గరిదారి. ఒనొరా ఇప్పుడు ఆ విరిగిన తుంటితో కొండవీధి ఎక్కి, చుట్టూ తిరిగి వెళ్ళి రొట్టె తెచ్చుకుంటున్నాడు.