మంచులో నడిచొచ్చే మనిషి

మా డ్రాయింగ్ సారు పోయారు. భూపాలపల్లి నుంచి ఆయన భార్య ఫోన్ చేసి, "సారు లేడు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగి గట్ల ఒరిగిండు, ఇగ లేవలే" అన్నప్పుడు నేను వియన్నాలో, ఆసుపత్రి డ్యూటీ దిగి ట్రాములో వస్తున్నాను. ఆయన దగ్గర చదువుకున్న వాళ్లలో ఈ కబురు అందనివాళ్లు ఇంకా ఉంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

సారుది జనగామ దగ్గర పల్లె. ఉద్యోగమంతా మా బొగ్గుగనుల ఊళ్లోనే గడిచింది. క్లాసులో బోర్డు పక్కన ఒక పాత క్యాలెండర్ బొమ్మ పెట్టుకున్నారు. ఎప్పటిదో యూరప్ చిత్రకారుడి మంచుపల్లె అది. తెల్లటి ఇంటికప్పులు, ఆకులు రాలిన చెట్లు, ఒక బాట. బాట చివర గోరంత నల్లటి గుర్తు.

"గాయన ఇంటికి వస్తున్నడు" అనేవారు సారు.

"మనిషి కాదు సార్, బొగ్గు దుమ్ము" అనేవాళ్లం మేం. పొద్దున ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి మాసిపోయే ఊరు మాది, దుమ్ము సంగతి మాకు తెలియదా! తుడిచి చూద్దామంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు. "మనిషే అయితే? గాయనకు దెబ్బ తాకదా?"

బొమ్మ ముందు పరుగెత్తితే కోప్పడేవారు. "నిలబడి చూడున్రి. ఉరుక్కుంట చూస్తె గోడ గూడ కనబడది." మంచు గీయమంటే కాగితాన్ని ఉత్తగా వదిలేయమనేవారు. "తెలుపుకు రంగెందుకు? గట్లనే ఇడువున్రి."

నేను నర్సునై వియన్నా వచ్చాక తెలిసింది, ఆ బొమ్మ అసలుది ఈ ఊరి మ్యూజియంలోనే ఉందని. సారుకి ఫోన్లో ఆ సంగతి చెప్పాను. నేను వెళ్లి చూసి చెప్పనా అన్నాను.

"వద్దు వద్దు! నువ్వు చూడకు. నేనే వచ్చి చూస్త. గాయన ఉన్నడో లేడో నా కండ్లతోని చూడాలె."

రిటైరయ్యాక, పోయిన చలికాలంలో వచ్చారు. "గా చలికి నేను రాను, మీరే పోయి చూడున్రి" అని ఆయన భార్య తన శాలువా ఇచ్చి పంపింది. కోటు మీద ఆ శాలువా, తలకి మంకీక్యాపు. ఆ వేషంలో సారుని వియన్నా వీధుల్లో తిప్పడం నా జీవితంలో గొప్ప సంబరం.

చలికాలమంతా ఇక్కడ ఏదో ఒక బొమ్మల ప్రదర్శన నడుస్తూనే ఉంటుంది. మొదటి రోజు నేను టికెట్ల దగ్గరుంటే, సారు బూట్లు విప్పి బయట మెట్ల మీదే పెట్టి లోపలికొచ్చారు. చిల్పూరు గుట్ట మీది దేవుడి దగ్గర మనం చెప్పులు విడుస్తామే, అచ్చం అలాగే. ఉత్త మేజోళ్లతో ఒక్కో పటం ముందు నిలబడుతుంటే కాపలా ఆవిడ చూసి నవ్వాపుకోలేకపోయింది. బయటికొచ్చేసరికి బూట్ల నిండా మంచు.

"ఏంది సార్ ఇది, జరం వస్తె అమ్మకు నేనేం చెప్పాలె?" అని కసిరాను. ఆయన నా మాట వింటేనా! వంగి బూటులోకి చూస్తున్నారు. "ఇది తెలుపు కాదే పిల్లా, నీలం కొడుతుంది! ఇన్నేండ్లు మీతోని ఉత్తగ ఇడిపించిన గదనే."

మంచుపల్లెని మాత్రం ఆఖరి రోజుకు దాచుకున్నారు. వెళితే ఆ చోట ఖాళీ గోడ. పటాన్ని బాగుచేయడానికి తీశామని చిన్న కాగితం అంటించి ఉంది. నాకు ఏడుపొచ్చింది. సారు ఆ గోడ ముందే నిలబడ్డారు, పటం ఉన్నట్టే.

"ఏం కాదు, మల్ల చలికాలం వస్త. గప్పటిదాంక నువ్వు గూడ చూడకు."

ఆ చలికాలం వచ్చింది. పటమూ వచ్చింది. సారే రాలేదు. చూడొద్దన్న మాట ఒకటి నా మెడకు పడిపోయింది. ఉండలేక ఆయన భార్యకి ఫోన్ చేసి, "అమ్మా, చూడాల్నా, వద్దా?" అని అడిగాను.

"పో బిడ్డా. నాకు గూడ తెల్సుకోవాల్నని ఉన్నది."

వెళ్లాను. అదే పల్లె, అవే చెట్లు. బాట చివరిదాకా ఒట్టి మంచే, ఆయన చెప్పిన ఆ నీలంతో. మనిషి లేడు. "సార్, మేం చెప్పలే?" అని పక్కకి తిరిగాను. పక్కన ఎవరో ముసలాయన, మఫ్లరు సర్దుకుంటున్నాడు. ఎంత బెంగ పట్టుకుందో చెప్పలేను. గెలిచిన పందెం అంత చేదుగా ఉంటుందని అనుకోలేదు.

బయటికొచ్చి వీడియో కాల్ చేశాను.

"ఉన్నడా బిడ్డా?"

"లేడమ్మా. మన దుమ్మే."

ఆమె ఫోన్‌ని గోడవైపు తిప్పింది. సారు బడి నుంచి ఇంటికి తెచ్చుకున్న క్యాలెండర్ బొమ్మ అక్కడుంది.

"ఈడ ఉన్నడు గదా" అంది. "నేను తుడవ."

చేతిలో ఫోన్ మీద మంచు పడుతోంది. వేలితో తుడుచుకుంటూ చూశాను. బాట చివర ఆ గోరంత నల్లటి మనిషి, ఇంకా ఇంటికి వస్తూనే ఉన్నాడు.