ఒక సీనుకి ఒకే గయ్యాళి

కరాచీ నాజిమాబాద్‌లో ఉండే తస్నీమ్ బేగం లెక్కలో ఈ లోకంలో మనుషులు లేరు. టీవీ డ్రామా పాత్రలే ఉన్నారు. పాలవాడు విలన్ పక్కనుండే స్నేహితుడు. ఎదురింటి కుర్రాడు చివరి ఎపిసోడ్‌లో బాగుపడే పొగరుబోతు. సొంత మొగుడు సిద్దీఖీ సాహెబ్ సైతం పేపరు చాటున దగ్గుతూ కూర్చునే అమాయకపు తండ్రి.

"ఈయనకి ఆరో ఎపిసోడ్‌లోనే గుండెపోటు రావాలి. ఏళ్ల తరబడి వాయిదా వేస్తున్నారు," అని ఆవిడ ఫిర్యాదు.

"ఇన్షాల్లా," అనేవారాయన, పేపరు దించకుండా.

కోడలు రుమైసా కాపురానికి వచ్చిన మర్నాడే పాత్రల పంపకం జరిగిపోయింది.

"నువ్వు ఏడుపుగొట్టు కోడలివి. నేను గయ్యాళి అత్తని."

"నాకు ఏడుపు రాదు అమ్మీ."

"ఉల్లిపాయలు తరుగు. అదే వస్తుంది."

ఆ గయ్యాళితనమంతా చూసేవాళ్లున్నప్పుడే. చుట్టాలు గుమ్మంలో అడుగుపెడితే చాలు, తస్నీమ్ బేగం ఒక కనుబొమ్మ ఎత్తి, తలని విడతలు విడతలుగా తిప్పి, "దీన్ని చాయ్ అంటారా మీ పుట్టింట్లో?" అనేది. వాళ్లు అటు వెళ్లగానే అదే చాయ్ ఇంకో కప్పు పోయించుకుని తాగేది. నవ్వాలో జడుసుకోవాలో రుమైసాకి తెలిసేది కాదు.

జడుసుకునే రోజు రానే వచ్చింది. రుమైసా డాక్టరు. డాక్టరు కోడల్ని ఏరికోరి తెచ్చుకోవడం, తెచ్చుకున్నాక రోటీల దగ్గర కూర్చోబెట్టడం ఆ చుట్టాల్లో మామూలే. ఇప్పుడు పెద్దాసుపత్రి నుంచి ఉద్యోగానికి పిలుపొచ్చింది. సోమవారం చేరకపోతే ఆ చోటు ఇంకొకరిది. ఇంట్లో పెద్దమాటేమో పై పోర్షన్‌లో ఉండే సిద్దీఖీ సాహెబ్ అక్క రాఫియాది. ఇంట్లో పిల్లలకి మేనత్త గనక అందరికీ ఫుప్పో. ఆవిడ ఔనంటే ఔను. కాదంటే సిద్దీఖీ సాహెబ్‌కి దగ్గు.

ఆదివారం బిర్యానీకి ఫుప్పో దిగి వచ్చింది. రుమైసా నోరు విప్పేలోగా అత్తగారు అందుకుంది.

"విన్నారా ఆపా, మహారాణీగారు ఆసుపత్రికి పోతారట. రోటీలెవరు చేస్తారు? ఆ పట్టా గోడకి తగిలించుకోమన్నాను. గడప దాటితే కాళ్లు విరగ్గొడతాను."

ఈసారి రుమైసాకి ఉల్లిపాయల అవసరం రాలేదు.

ఫుప్పో చేయి పళ్లెంలోనే ఆగిపోయింది. ఇంచుమించు అవే మాటలు తానే అందామని దిగివచ్చింది పాపం. కానీ తస్నీమ్ మాటకి తలూపడం ఆవిడ పుట్టుకలోనే లేదు.

"నీకు మనసనేది ఉందా తస్నీమ్? కళ్లు కాయలు కాసేలా చదివింది పిల్ల."

"అది కాదు ఆపా, ఇంటి పరువు..."

"పరువు గురించి నువ్వు నాకు చెప్పొచ్చావా? మా వంశంలో మొదటి ఆడడాక్టరు. రేపు పొద్దున నా కారు, నా డ్రైవరు. ఎవరాపుతారో చూస్తాను."

సిద్దీఖీ సాహెబ్ దగ్గడం మరిచిపోయారు.

తస్నీమ్ బేగం దుపట్టా చెంగుతో కళ్లొత్తుకుంటూ వంటింట్లోకి నడిచింది. రుమైసా వెనకాలే వెళ్లి చూస్తే, నిలబడి ఖీర్ గిన్నె గీక్కుని తింటోంది.

"అమ్మీ... కావాలనే అన్నారా?"

"ఒక సీనులో ఇద్దరు గయ్యాళులు పట్టరే పిల్లా. ఆ చోట్లో నేను నిలబడితే ఆపాకి మంచావిడ పాత్రే మిగిలింది. ఈ ఇంటికొచ్చిన నాటి నుంచీ నేను ఔనంటే ఆవిడ కాదంటుంది. ఒక్కసారీ తప్పలేదు. అంత నమ్మకమైన మనిషిని ఊరికే పోనిస్తానా?"

అప్పటికే పైకి చేరిన ఫుప్పో గొంతు బాల్కనీలోంచి వీధిలోకి పాకింది. "ఆ రాక్షసి నోట్లోంచి లాక్కొచ్చాను పిల్లని. మా డాక్టర్ని."

"మిమ్మల్ని రాక్షసి అంటోంది అమ్మీ."

"అననీ. నిన్ను డాక్టర్ని చేసింది తనేనని మురిసిపోవాలి. రేపెప్పుడైనా నీకు రాత్రి డ్యూటీ పడి ఎవరైనా కాదంటే, నీ తరఫున ఆవిడే కత్తి పట్టుకుని దిగుతుంది. నాకు గొంతు నొప్పి తప్పుతుంది." తస్నీమ్ బేగం మిగిలిన ఖీర్ కోడలి చేతిలో పెట్టింది. "ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. పొద్దున తెల్లకోటు ఇంట్లోనే వేసుకో. కారు నెమ్మదిగా ఎక్కు. వీధి వీధంతా చూడాలి."