చుట్టీ అడగని చిన్నాయన

నా చిన్నప్పుడు అని మొదలుపెడితే మా కాలేజీ పిల్లలు నవ్వుతారు. తెలంగాణ వచ్చిన కొత్తల్లో ఏడో తరగతి చదివిన మనిషికి చిన్నతనమేమిటి, అది నిన్నగాక మొన్నటి మాటే కదా అంటారు. నవ్వనీ. వాళ్లకు పాఠం చెప్పేది నేనే కనుక వాళ్ల ముందు నేను పెద్దదాన్నే. పైగా ఇప్పుడు చెప్పబోయే రోజు తర్వాత నేను చిన్నపిల్లలా ఎక్కువ కాలం మిగల్లేదు.

మాది కొల్లాపూర్ దాటి కృష్ణా నది వైపు పోతే వచ్చే ఊరు. మా ఇంట్లో గొర్రెల మంద ఉండేది, కొంచెం మెట్ట చెలక ఉండేది. మంద వెంట మా నాయన, మా చిన్నాయన వంతుల వారీగా పోయేవారు. చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. డిగ్రీ అయిపోయి ఇంటికొచ్చిన కొత్తలో ఇల్లంతా అతని గోలే. నా జడ లాగేవాడు, మా అవ్వ, అంటే మా నాయనమ్మ, నడకను ఆమె ఎదురుగానే నడిచి చూపించి తిట్లు తినేవాడు. అలాంటి మనిషి ఒక వర్షాకాలం నుంచి మెల్లమెల్లగా మాట తగ్గించాడు. ఎందుకో ఎవరికీ తెలియదు, ఈరోజు అడిగినా తనకూ తెలియదంటాడు. కంచంలో అన్నం కలిపి అలాగే కూర్చునేవాడు. పగలు పడుకునేవాడు. మందను తోలుకుపోతే గొర్రెలు పక్కవాళ్ల పల్లి చేనులో పడి మేస్తున్నా బండ మీద కూర్చుని చూస్తూ ఉండేవాడు. మా నాయన అది ఒళ్లు బరువు అనుకుని తిట్టాడు. మా అవ్వ గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించింది. తిట్టూ పనిచేయలేదు, తాయెత్తూ పనిచేయలేదు.

ఇలా ఉండగా ఒక రోజు చిన్నాయన, మిలిటరీకి పోతానన్నాడు.

ఇల్లంతా ఒక్కసారి తేలికపడింది. మరుసటి రోజు నుంచే కోడి కూయకముందు లేచి కాలువ కట్ట మీద పరుగు మొదలుపెట్టాడు. మా ఊరి కుర్రాళ్లు నలుగురైదుగురు అప్పటికే అక్కడ ఉరుకుతుండేవారు. అవ్వ సంతోషానికి హద్దు లేదు. కొడుకు మంచం దిగాడు, అంతకంటే ఆమెకేం కావాలి. నాకు మాత్రం ఎక్కడో కుదరలేదు. పాలు తేవడానికి ఆ కట్ట మీదుగానే పోయేదాన్ని. మిగతా వాళ్లు ఉరుకుతూ ఒకరినొకరు తిట్టుకునేవారు, ఆగి రొప్పేవారు, నవ్వేవారు. చిన్నాయన నవ్వడు, ఆగడు. కాలి గోరు ఊడి రక్తం కారుతున్నా ఆగలేదు. ఒంటికి బాగైన మనిషి ఉరుకు ఇలా ఉంటుందా అని నాకు అనుమానం. అనుమానం నాకు అవ్వ నుంచి వచ్చింది. ఇంట్లో పోపుల డబ్బా మూత తేడాగా ఉన్నా ఇద్దరం గుర్తుపట్టేవాళ్లం.

తర్వాత గొంగడి సంగతి జరిగింది. మా ఇంట్లో మగవాళ్ల గొంగడి ఎవరిది వాళ్లదే. వానలో కప్పుకునేది, ఎండలో నీడ చేసుకునేది, రాత్రి మంద దగ్గర పరుచుకునేది అదే. మనిషి ఉన్నంతకాలం అతని గొంగడి ఇంకొకరి భుజం మీదికి పోదు. మా తాత గొంగడి కూడా తాత పోయాకే మా నాయనకు వచ్చింది. అలాంటిది చిన్నాయన ఒక పొద్దున తన గొంగడిని మడతపెట్టి మా నాయన భుజం మీద వేశాడు. "మిలిటరోళ్లు కంబళ్లిస్తరంట. నాకిదెందుకన్నా, నువ్వు కప్పుకో." మా నాయన పొంగిపోయాడు. ఇన్నాళ్లు తిట్టినా తమ్ముడు మనసులో పెట్టుకోలేదని అందరికీ చెప్పుకుని, ఆ గొంగడే వేసుకుని ఊరంతా తిరిగాడు.

కట్ట మీద కుర్రాళ్లకు తర్ఫీదు ఇచ్చేది మిలిటరీ తాత. సైన్యంలో హవల్దారుగా చేసి దిగిన మనిషి. మెడలో విజిల్, ఎండాకాలంలో కూడా ఒంటి మీద పాత ఆకుపచ్చ స్వెట్టర్. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. మా అవ్వకు ఆయనంటే పడదు. ఉద్యోగాలిప్పిస్తామని కుర్రాళ్లను తిప్పే దళారీలు ఆ రోజుల్లో మా దిక్కు చాలామందే ఉండేవారు, ఈయన కూడా వాళ్లలో ఒకడేమోనని ఆమె గుబులు. దానికి తోడు తాత మిగతా కుర్రాళ్లను ఉరికిస్తూ మా చిన్నాయనను మాత్రం పక్కన కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు. ఆగు, నీ సంగతి తర్వాత చూస్తానంటాడట. అందరికంటే బాగా ఉరికేవాడిని ఆపడమేమిటి? అవ్వ నాకు పని అప్పజెప్పింది. "గా మిలిటరోడు ఊకెనే ఏ పని జెయ్యడు. జర కన్నేసి ఉంచు బిడ్డా." నేను కన్నేసే ఉంచాను. నాకు అంతకంటే ఇష్టమైన పని లేదు.

ఒక ఆదివారం మిలిటరీ తాత మా వాకిట్లోకి వచ్చాడు. సెలక్షన్‌లో డాక్టర్లు పరీక్ష చేస్తారని, ముందే ఒకసారి పాలమూరు పెద్ద దవాఖానలో చూపించుకుంటే మంచిదని, చిన్నాయనను తానే తీసుకుపోతానని చెప్పాడు. మిగతా కుర్రాళ్లకు అక్కర్లేని పరీక్ష వీడికెందుకని అవ్వ అడిగింది. ఆయన బస్సు వేళ చెప్పాడు. నాయన మంద వెంట పోయి ఉన్నాడు. అవ్వ పొమ్మన్నది కానీ నన్ను వెంట పంపింది. పిల్లకు పాలమూరు చూడాలని ఉందట అని నా మీద వంక పెట్టింది. ఆ మరుసటి పొద్దున బడి ఎగ్గొట్టి ముగ్గురం బస్సెక్కాం.

చిన్నాయన ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. వెనక సీట్లో నేను, తాత. బస్సు కదిలీ కదలకముందే నేను విచారణ మొదలుపెట్టాను. ఇది నిజంగా మిలిటరీ పరీక్షేనా, మా చిన్నాయనను ఎందుకు ఉరకనివ్వడం లేదు, ఆయనకేం కావాలి అని గొంతు తగ్గించి అడిగాను. తాత నా వైపు తిరిగాడు. కసురుతాడనుకున్నాను. కసరలేదు. నన్ను పెద్దమనిషిలా లెక్కలోకి తీసుకుని మాట్లాడాడు.

"బిడ్డా, మిలిటరీకి పోతమని నా తానకు ఎంతమంది పోరగాళ్లొచ్చిన్రో. ప్రతోడు మొదలు అడిగేది ఒకటే. తాతా, చుట్టీ ఎప్పుడిస్తరు, ఇంటికెప్పుడు పంపిస్తరు అని. చుట్టీ అంటే సెలవు. గది అడగనోన్ని నేను సూడలే. మీ చిన్నాయిన అడగలే. ఎక్కడ ఎక్కువ చస్తరో గక్కడికే పంపిస్తరా అని అడిగిండు." చిన్నాయన తన గొంగడి మా నాయనకు ఇచ్చేశాడా అని కూడా అడిగాడు. మా నాయన భుజం మీద చూశాడట. ఇచ్చాడన్నాను. ఆయన తల ఊపాడు.

నాకు ఒళ్లు మండింది. మా చిన్నాయన గురించి ఇలా మాట్లాడతాడా అనుకున్నాను. ఆయన మాట తప్పని తేల్చేయాలనుకున్నాను. నాగర్‌కర్నూల్‌లో బస్సు ఆగితే తాత చాయ తాగడానికి దిగాడు. నేను పోయి చిన్నాయన పక్కన కూర్చున్నాను. నవ్వుతూనే అడిగాను, మిలిటరీకి పోయినాక మొదటి చుట్టీకి ఎప్పుడొస్తవు, వచ్చేటప్పుడు నాకేం తెస్తవు అని. ఏదో ఒకటి అంటాడనుకున్నాను. గాజులనో, బొమ్మ తుపాకీ అనో, నీ తలకాయ అనో. ఏదన్నా సరే, తాత ఓడిపోయేవాడు. చిన్నాయన నా నెత్తి మీద చెయ్యి వేశాడు. కిటికీ బయటికి చూస్తూ, "మీరందరు మంచిగుండున్రి" అన్నాడు.

అంతే అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, ఏడుపు లేదు, అందుకే ఎక్కువ భయమేసింది. తాత చాయ తాగి వచ్చి నా మొహం చూశాడు. పాలమూరు దాకా నేను చిన్నాయన చొక్కా అంచు పట్టుకునే కూర్చున్నాను.

దవాఖానలో తాత మమ్మల్ని మెట్లెక్కించి ఒక గది ముందుకు తీసుకుపోయాడు. బెంచీ మీద జనం ఉన్నారు. ఎవరి ఒంటికీ కట్టు లేదు, ఎవరూ దగ్గడం లేదు. చిన్నాయన తలుపు మీద బోర్డు చదివాడు. చదివి తాత వైపు తిరిగాడు. అప్పుడు తాత అబద్ధం ఆడలేదు. "ఇది మిలిటరీ పరీక్ష కాదురా. నిన్ను తీస్కరానీకి గట్ల జెప్పిన. ఇది మనసు జూసే డాక్టర్."

చిన్నాయన మొహం ఎర్రబడింది. ఎన్ని నెలల తర్వాతో అతనికి కోపం రావడం చూశాను. "నన్ను పిచ్చోన్ని జేసినవా పెద్దనాయినా?" అని మెట్ల వైపు నడిచాడు. తాత అతన్ని పట్టుకోలేదు, అడ్డం పోలేదు. అక్కడే నిలబడి, బెంచీ మీది వాళ్లంతా వింటున్నా పట్టించుకోకుండా చెప్పాడు. "నా తోటి ఒకడుండె. నా పక్క మంచమే. వాడు గూడ ఎన్నడు చుట్టీ అడగలే. మంచి సిపాయి అనుకున్నం అందరం. ఎందుకు అడుగుతలేవురా అని నేనొక్కసారన్న అడగలే. వాన్ని చంపింది దుష్మన్ కాదు. నిన్ను గట్ల పంపిస్తనా? నువ్వు మంచిగైనంక పో. నేనే ఉరికిస్త. గిట్లైతే మాత్రం పోనియ్య."

చిన్నాయన మెట్ల దగ్గర ఆగాడు కానీ వెనక్కి తిరగలేదు. ఒక్క మెట్టు దిగితే దిగిపోతాడని నాకు తెలుస్తోంది. పరుగెత్తి పోయి చొక్కా పట్టుకున్నాను. ధైర్యం చెప్పే వయసు కాదు. నోటికొచ్చింది అడిగాను. "నువ్వు రాకపోతే అవ్వకు నేనేం జెప్పాలె?" ఇంటికి పోయి అవ్వ ఎదురుగా ఆ మాట చెప్పాల్సింది నేనే కదా అని నిజంగానే భయపడి అడిగాను. చిన్నాయన నన్ను చూశాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది, అప్పుడే నిద్రలేచిన మనిషి చూపు. మెట్ల మీదే కూర్చున్నాడు. కాసేపటికి లేచి నా చెయ్యి పట్టుకునే బెంచీ దాకా వచ్చాడు, వంతు రాగానే లోపలికి పోయాడు. తలుపు వెనక నుంచి అతను ఏడవడం వినిపించింది. మగవాళ్లు అలా ఏడుస్తారని నాకు తెలియదు. ఏడుపు విని నా ప్రాణం కుదుటపడింది, అది కూడా నిజం.

ఇంటికొచ్చాక పెద్ద గొడవే అయింది. నా కొడుకును పిచ్చి దవాఖానకు తీస్కపోతవా అని మా అవ్వ మిలిటరీ తాతను వాకిట్లో నిలబెట్టి కడిగేసింది. మరుసటి పొద్దున ఆయన మళ్లీ వచ్చాడు. మాత్ర వేసుకున్నాడా అని అడిగి, తిట్లు తిని, వెళ్లిపోయాడు. ఆ తర్వాత పొద్దునా అంతే. తిట్టీ తిట్టీ అవ్వకే విసుగు పుట్టి ఒక రోజు చాయ పోసింది. మా నాయన మాత్రం మేము వచ్చిన సాయంత్రమే భుజం మీది గొంగడి తీసి చిన్నాయన మంచం మీద పెట్టి, గొర్రెలను కొట్టంలోకి తోలడానికి పోయాడు.

చిన్నాయన ఒక్క రోజులో బాగుపడలేదు. మంచిగుంది అనుకున్న వారానికే మళ్లీ ముసుగు తన్నిన రోజులున్నాయి. డాక్టరమ్మ మాత్రలు మార్చింది, మాట్లాడించింది, మళ్లీ మార్చింది. ఒంట్లో బలం, మొహంలో వెలుగు తిరిగి వచ్చేసరికి సైన్యంలో చేరే వయసు దాటిపోయింది. దానికి బాధపడ్డాడు. అయితే అది చేతికందని ఉద్యోగం గురించిన మామూలు బాధ, మా అవ్వ కూడా ఓదార్చగలిగేంతది. తాత అతన్ని కట్ట మీదికి పిలిచి విజిల్ చేతిలో పెట్టాడు. మా ఊరి నుంచి తర్వాత సైన్యానికి పోయిన కుర్రాళ్లను ఉరికించింది చిన్నాయనే.

ఇప్పుడు నేను కాలేజీలో పాఠం చెబుతూ ఉంటాను. ఇంటర్ అవ్వగానే మిలిటరీకి పోతానని ఏ పిల్లవాడు చెప్పినా అందరూ శభాష్ అంటారు, నేనూ అంటాను. అన్న తర్వాత వాణ్ణి పక్కకు పిలిచి, తింటున్నావా, పడుకుంటున్నావా, పోతే ఇంటికి మళ్లీ ఎప్పుడొస్తావు అని అడుగుతాను. చాలామంది, మేడమ్‌కు మరీ ఎక్కువైందని నవ్వి పోతారు. ఒకరిద్దరు నవ్వలేదు. వాళ్లతో పాటు దవాఖాన బెంచీ మీద కూర్చున్నాను.

చిన్నాయనకు ఇప్పుడు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, మందా పెరిగింది. అయినా నాకు ఆయన మీద అనుమానం పోలేదు. ఫోన్‌లో గొంతు నీరసంగా ఉంటే మళ్లీ ఒకసారి చేస్తాను, మరీ హుషారుగా ఉంటే రెండుసార్లు చేస్తాను. మొన్న కూడా అలాగే రెండోసారి చేస్తే ఆయనకు విసుగొచ్చింది. "ఓ అనుమానపు పిల్లా, తిన్న. పండుకున్న. మాత్ర గూడ ఏసుకున్న. నాకేం ఫికర్ లేదు, ఇగ ఫోన్ పెట్టు" అన్నాడు. సరే అన్నాను. వెనక గొర్రెల అరుపులు, పిల్లల కొట్లాట, ఆయన వాళ్లను కసురుకోవడం వింటూ అలాగే పట్టుకుని ఉన్నాను. ఆయన పెట్టేదాకా నేను ఎన్నడూ పెట్టను.