రత్నవ్వ పంపిన పసుపు

ఆర్మూర్ మార్కెట్ యార్డులో రత్నవ్వ ఇరవై ఏళ్లుగా పసుపు ఏరుతోంది. కొమ్ములను ఒకవైపు, గుండ్రటి గోళలను మరోవైపు, తల ఎత్తకుండా వేరు చేస్తుంది. కొమ్ము విరిచి వాసన చూసి అది ఏ ఊరి చేనిదో చెప్పగలదు. "ముప్కాల్‌ది గిది, నీళ్లెక్కువ తాగింది" అంటే వ్యాపారులు సైతం వాదించరు.

నిరుడు మే నెలలో సరిహద్దులో కాల్పులు మొదలైన రెండో రోజున నేను ఆ యార్డుకు వెళ్లి ఉపన్యసించాను. వకీలుగా నల్లకోటు కొత్తగా వేసుకున్నదాన్ని. పౌరులకు హక్కులే కాదు, బాధ్యతలూ ఉన్నాయన్నాను. జవాన్లు పాలలో కలుపుకోవడానికి మన పసుపు పంపుదామన్నాను. ఎవరి ద్వారా, ఎక్కడికి అన్నది ముందుగా ఎవరినీ అడగలేదు. అడిగే ఓపిక లేకపోయింది.

రత్నవ్వ ఆలూరు చేలలో తవ్వకాలయ్యాక మిగిలిన పరిగె ఏరి ఏడాదికని దాచుకున్న పసుపంతా దంచి, జల్లించి, తెల్లగుడ్డతో తానే కుట్టిన సంచుల్లో నింపి తెచ్చింది.

పక్కన ఏరే మంగ ఊరుకోలేదు. "ఏందత్తా, జవాన్లకు పసుపు రాసి పెండ్లి చేస్తవా?"

"చేస్త తియ్. నువ్వు బ్యాండు కొట్టు."

నాలుగు రోజుల్లో కాల్పులు ఆగిపోయాయి. నేను ఫోన్ చేసిన చోటల్లా తినే వస్తువులు తీసుకోబోమన్నారు. సంచులు నా ఆఫీసు బీరువా వెనక అట్టపెట్టెలో ఉండిపోయాయి. రత్నవ్వ అడిగినప్పుడు మాత్రం, "చేరింది అవ్వా, మస్తు సంతోషపడ్డరు" అన్నాను. ఆ మాట ఆమె యార్డంతా చెప్పుకుంది. మంగ సైతం ఆమెను 'మిలిటరీ అత్త' అని పిలవసాగింది.

మొన్న పింఛను కాగితం చూపించడానికి రత్నవ్వ నా ఆఫీసుకు వచ్చింది. గుమ్మంలోనే ఆగి గాలి పీల్చింది. తిన్నగా బీరువా వెనక్కి నడిచి, పెట్టె మూత తీసి, ఒక సంచి విప్పి చిటికెడు పొడిని వేళ్ల మధ్య నలిపింది.

"గిది నా పసుపే గద బిడ్డా."

లేచి ఆమె దగ్గరికి వెళ్లాను. "ఎవలూ తీసుకోలేదవ్వా. నీకు చెప్పాలంటే సిగ్గయింది" అన్నాను.

"తీసుకోకపోతే నువ్వేం జేస్తవ్? గప్పుడే చెప్తే ఇంటికి తీస్కపోయేదాన్ని. ఏడాదంతా దుకాణంల కొన్న పసుపే కూరల ఏసిన." ఆమె గొంతు పెంచలేదు. "గిప్పుడు యార్డుల అబద్ధాలదాన్ని నేనైతి."

"నేనే వచ్చి చెప్త."

"చెప్పు మరి. పా."

పెట్టె నేనే మోశాను. యార్డులో ఆమె తన చోట కూర్చుని కుప్పను ముందుకు లాక్కుంది.

"వకీలమ్మ ఏందో చెప్తదట, వినుండ్రి" అంది, నా వైపు చూడకుండా.

అందరి చేతులూ ఆగాయి. ఆమెవి ఆగలేదు. నిరుడు ఉపన్యసించిన చోటే పెట్టె దించి, "రత్నవ్వ పసుపు ఎక్కడికీ పోలేదు" అని మొదలుపెట్టాను.