తూన్ మొహం మీద సిరా

యువాన్ అక్క మా పక్కింటిది. పగ పట్టడంలో ఆమెను మించిన మనిషిని నేను చూడలేదు. మా చిన్ రాజ్యంలో ఐదిళ్లు ఒక జట్టు. ఒకరు తప్పు చేస్తే, తెలిసినవాళ్లు వెంటనే వెళ్లి చెప్పాలి. చెప్పకపోతే ఆ శిక్షే వాళ్లకూ పడుతుంది. మా జట్టులో ఆమె ఇల్లు ఒకటి, నాది ఒకటి, ఆ దిక్కుమాలిన తూన్‌ది ఒకటి.

ఏడేళ్ల కిందట ఆమె మొగుడు జీ బద్ధకించి పొయ్యిలో బూడిద వీధిలో పారబోశాడు. మా రాజ్యంలో అదీ నేరమే. అంతే! తూన్ పరుగున వెళ్లి చెప్పొచ్చాడు. జీ మొహం మీద సూదులతో సిరా పొడిచి సరిహద్దు గోడ కట్టే పనికి తోలారు. మనిషి తిరిగి రాలేదు. తూన్ మాత్రం బహుమానం అందుకుని, మీసం దువ్వుకుంటూ ఆమె గుమ్మం ముందునుంచే నడిచేవాడు. చూస్తుంటే నాకే ఒళ్లు మండేది, ఆమెకు మండదా?

ఈ ఏడు కొర్రలు చల్లేటప్పుడు తూన్ తన పొలం హద్దురాయిని రాజుగారి భూమిలోకి రెండడుగులు జరిపాడు. అది చూసి అక్క నా చెవిలో వేసింది.

"పద అక్కా, ఇప్పుడే చెప్పేద్దాం," అన్నాను.

"నోర్ముయ్యవే! రాయి జరిపినందుకు గడ్డం గీసి వదిలేస్తారు. గడ్డానికేం, మళ్లీ మొలుస్తది. ఆ ముక్కలో పండిన గింజలు వాడింటికి చేరనీ. అప్పుడది దొంగతనం అవుద్ది. నా మొగుడికి పొడిచినట్టే వాడికీ పొడుస్తారు."

నా బుద్ధి గడ్డి తిని ఊరుకున్నాను. ఐదు నెలలు ఆమె ఆ రెండడుగుల చేనుకు కాపలా కాసింది. గింజ తగ్గితే శిక్ష తగ్గుతుందని, వాడి కంకుల మీద వాలే పిచ్చుకలను తనే తోలేది!

బస్తాలు తూన్ ఇంటికి చేరిన మర్నాడే తల దువ్వుకుని అధికారి దగ్గరికి వెళ్లింది. మా ఐదిళ్లవాళ్లనూ పిలిపించారు. తూన్ నేల మీద పడి ఏడ్చాడు. ఆమె నవ్వింది.

"నువ్వెప్పుడు చూశావు?" అని అడిగాడు అధికారి.

"విత్తనాలప్పట్నుంచీ చూస్తన్నా దొరా! ఒక్కరోజు తప్పితే ఒట్టు."

"ఐదు నెలలు దాచావన్నమాట. ఇంకెవరికి తెలుసు?"

అప్పటికి గాని ఆమె నవ్వు ఆగలేదు. నా వైపు వేలు చూపించింది. తెలిసీ చెప్పనందుకు తూన్‌తో పాటు మా ఇద్దరికీ సిరా పొడిచారు. సూది దిగిన నా చెంప ఇప్పటికీ సలుపుతూనే ఉంది.

"నీ పగకి నా కొంప ముంచావు కదే పాపిష్టిదానా!" అని తిట్టిపోశాను. ఆమె వింటేనా! తాడుకు కట్టిన తూన్‌నే చూస్తోంది.

"వాడి మొహం చూడవే, ఎంత బాగా కుదిరిందో!"

ఆడవాళ్లమని మా ఇద్దరినీ ధాన్యం దంచే కొట్టంలో వేశారు. ఇక్కడా ఐదుగురం ఒక జట్టు. నిన్న మధ్యాహ్నం అక్క గుప్పెడు కొర్రబియ్యం చొక్కా చేతిలో దాచుకుంటుంటే చూశాను. చేతిలో రోకలి అక్కడే పడేసి, కావలివాడి దగ్గరికి పరుగెత్తాను.