బావ వీపు మీది సినిమా

మా బావ పాట వినడు, పాడే అమ్మాయి భుజం చూస్తాడు. భుజం పైకి లేచి ఆ అమ్మాయి ఊపిరి తీసుకుందంటే తాడు లాగుతాడు. మా నాటకశాలలో చందమామను పైకెక్కించే పని ఆయనదీ నాదీ. రేకు చందమామ, లోపల బల్బులు, ఒక్కడి వల్ల కాని బరువు. తాడుకి ముందు ఆయన, వెనక నేను. ఆయనకు స్టేజీ కనిపిస్తుంది. నాకు ఆయన వీపు కనిపిస్తుంది. పెళ్లయిన కొత్తలో అక్క చెప్తే ఆయన్ని పనిలో పెట్టించింది నేనే. పొడుగు మనిషి కదా అని ముందు చోటు ఆయనకిచ్చారు.

ఆ చందమామ లేచే నాటకంలో పాటలు ఊరందరి నోళ్లలో పడ్డాక సినిమా వాళ్లు దాన్ని కొనుక్కున్నారు. చందమామను లేపడానికి మా ఇద్దర్నీ తీసుకెళ్తారని నేను ఆశపడ్డాను. ఒకరోజు దర్శకుడు తెర వెనక్కి వచ్చి మా పని చూశాడు. బావ భుజం తట్టి షూటింగ్‌కి రమ్మన్నాడు. నన్ను కాస్త పక్కకి జరగమన్నాడు.

అక్క ఈ సంగతి మా ఇంటికొచ్చి మరీ చెప్పింది. మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "మీ బావలా నలుగురి కళ్లలో పడటం నేర్చుకోరాదూ" అంది. బావ లేనన్నాళ్లూ మా నాటకశాల వడ్రంగి నా వెనక నిలబడ్డాడు. కోరుకున్న ముందు చోటు దొరికింది. తీరా అక్కడ నిలబడితే పాడే అమ్మాయి కాదు, కెమెరా ముందు బావే కళ్లలో మెదిలేవాడు.

వారం తిరక్కుండా బావ వచ్చేశాడు. ఒంటి మీద సినిమా వాళ్లిచ్చిన చొక్కా, వీపు మీద పెద్ద అక్షరాలతో సినిమా పేరు. ఏమైందో టీ తాగుతూ చెప్పాడు. అక్కడ పాట ముందే రికార్డు చేసి పెట్టెలోంచి వేస్తారట. హీరోయిన్ పెదాలు కదుపుతుందంతే. ఈయన వాళ్ల తేలికపాటి చందమామ తాడు పట్టుకుని ఆమె భుజం కేసి చూస్తూ నిలబడ్డాడు. పాట అయిపోయింది, చందమామ లేవలేదు. మళ్లీ తీశారు, మళ్లీ అంతే. చివరికి తాడుకి మోటారు బిగించారట.

"ఆవిడ ఊపిరి తీసుకుంటేగా నేను లాగేది" అన్నాడు బావ.

అయ్యో అన్నాను. లోపల కడుపులో పాలు పోసినట్టయింది.

"మా బామ్మర్దిని కూడా పిలవండి, ఇద్దరం కలిసి సర్దుకుంటాం అని అడిగాన్రా."

"నా సంగతి ఎత్తావా? ఏమన్నారు?"

"నవ్వారు."

నిజంగా అడిగాడో, నా ముందు ఊరికే అన్నాడో తెలీదు. అడిగాడే అనుకుందాం. అయితే నేను అడుగు పెట్టని చోట కూడా నన్ను చూసి నవ్వారన్నమాట. కడుపులో పాలు విరిగాయి.

ఆ సాయంత్రం ఆటకి బావ ఎవర్నీ అడక్కుండా ముందుకెళ్లి నిలబడ్డాడు. వడ్రంగి తన పనికి పోయాడు. నేను వెనక్కొచ్చాను. సినిమా పేరు సరిగ్గా నా ముక్కు ముందుకొచ్చింది. అప్పట్నుంచీ రోజూ అదే చొక్కా.

"ఉతకవా ఇది, బావా?"

"ఉతికితే అక్షరాలు పోతాయని మీ అక్క ముట్టుకోనివ్వట్లేదు."

అవతల పాట మొదలైంది. పాడే అమ్మాయి ఊపిరి తీసుకున్నట్టుంది, బావ వీపు మీద అక్షరాలు బిగుసుకున్నాయి. నేను లాగాను.